అరవై రెండో పేజీ

ఆదోని శాఖా గ్రంథాలయంలో
తేదీల ముద్ర వేసేది నేనే.
ఏ పుస్తకం ఎన్నాళ్లకు తిరిగొస్తుందో
నా వేళ్లకు తెలుసు.

బుడంకాయ కథలైతే రావు.
వచ్చినా అట్ట లేకుండా వస్తాయి,
బొరుగుల నూనె మరకతో, పాలపన్ను గాటుతో.
ఒక చెవి మడత పడిన మేకపిల్ల బుడంకాయ.
సోమవారం సంతకు పోయిన వాళ్లమ్మ కోసం
ప్రతి కథ చివరా గడప మీద కూచొని
"వస్తాదిలే, దోవలో ఉంటాది" అనే బుడంకాయ.
ఈ ఊర్లో ముప్పై ఏండ్ల లోపు వాళ్లను
ఎవర్ని నిద్ర లేపి అడిగినా ఆ మాట చెప్తారు.

పోయిన ఎండాకాలం
సుంకులమ్మ టీచరు పెద్దోళ్లకని ఒక నవల రాసింది.
జిన్నింగు మిల్లు గోడ పక్కన ఇల్లు,
దూది దుమ్ముకు దగ్గే ఒక ఆడమనిషి,
రాత్రి షిఫ్టు మేస్త్రీ,
ఇష్టమో బలవంతమో ఆమెకే తేలని ఒక వాన రాత్రి
అరవై రెండో పేజీలో.
సోమవారం ఆమె సంతకు పోతుంది.
గడప మీద ఒక పిల్ల కూచొని ఉంటుంది.
నవల అక్కడ అయిపోతుంది.

మొదటి వారం వరస కట్టినారు.
టీచరు పేరు చూసి
లోపల బొమ్మలు లేవని కూడా చూసుకోకుండా
మనవడికని తీసుకుపోయిన హమాలీ తిక్కయ్య
మర్నాడు నేను తాళం తీయకముందే మెట్ల మీద ఉన్నాడు.
"సగం చదివి వినిపిస్తి మేడం.
వాడు నిద్దరపోలా. నేనూ పోలా."

రిటైరైన పోస్టుమాస్టరు గుండూరావు
పదేసి పేజీలకొకసారి
అంచున ఎర్రసిరాతో రాసినాడు: "మీరేనా?"
నూట నలభైకి వచ్చేసరికి సిరా నీలం,
ప్రశ్న గుర్తు లేదు. "మీరే."

టైలర్ మెహరున్నీసా
కొలతల పుస్తకంలో దాచుకొని తీసుకుపోయింది,
మూడుసార్లు గడువు పొడిగించుకుంది,
ఒక్క మాట అనలేదు.
నాలుగోసారి అడిగింది:
"మీ టీచరమ్మకు రెండు జాకెట్లు కుడతా.
డబ్బులొద్దు. పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తావా?"

ఆటో ఓబులేసు చదవనే లేదు.
ఎవరో చెప్పినారంట.
ఆటో వెనక పెద్దక్షరాలతో రాయించుకున్న బుడంకాయ మాటను
పెయింటరు దగ్గర సగం చెరిపించినాడు.
ఇప్పుడు ఎమ్మిగనూరు రోడ్డు మీద
"దోవలో ఉంటాది" మాత్రమే తిరుగుతా ఉంది.

నేనా?
చదివి మూడు రోజులు ఆమె వైపు చూడలా.
ఆమె అట్లే రోజూ నాలుగింటికి వచ్చి
ఫ్యాన్ కింది కుర్చీలో పేపరు చదువుకొని పోయింది.
నా మేకపిల్లను నన్నడక్కుండా
ఎందుకు పెద్దదాన్ని చేసినావని
నిలదీయాలని లేచి, దగ్గరికి పోయి,
"టీ తెప్పించాల్నా టీచర్?" అన్నా.

ఇంట్లో మా పాప, ఎనిమిదేళ్లది,
నేను ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నట్టుంది.
ఉగ్గాని తింటా, మిరపకాయ ఏరి పక్కన పెడతా, చెప్పింది:
"వాళ్లమ్మ రాదని నాకు తెల్సు.
బుడంకాయకు కూడా తెల్సు.
మీకు చెప్తే ఏడుస్తారని చెప్పలా."

నిన్న తిరిగొచ్చిన ప్రతిలో
అరవై రెండూ అరవై మూడూ
అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి.
నాలుగు మూలలా ఒత్తి ఒత్తి, జాగ్రత్తగా,
చిరిగిన నోటు అతికించినట్టు.
ఎవరని రిజిస్టరులో చూడలేదు.
ఆవిరి పట్టి, సూది మొనతో విడదీసినా.
ఒక మాట ఇవతల ఊడి అవతలి పేజీకి పోయింది,
అద్దంలో మాదిరి తిరగబడి.
టీచరుకు చూపిస్తే కళ్లద్దాలు పైకి తోసుకొని
చాలాసేపు చూసింది.
"అక్కడే బాగుంది, ఉండనీ" అనింది.

సాయంత్రం తిక్కయ్య మళ్లా వచ్చినాడు.
చేతులు పంచెకు తుడుచుకొని పుస్తకం అందుకుంటా,
నేనడక్కముందే,
"మనవడికి కాదులే" అన్నాడు.